తొలి ఏటి అర్థశాస్త్రము

డిగ్రీ ప్రథమ సంవత్సరమున సూక్ష్మ అర్థశాస్త్రము చదువ మొదలిడిన విద్యార్థికి, తరగతులు ఆరంభమైన కొలది దినములకే, నల్లబల్లపై ఎడమనుండి కుడికి వాలు ఒక గీత కనబడును. అది డిమాండు రేఖ యనియు, ధర తగ్గిన కొలది కొనుగోలు పెరుగుననియు, ఇతర పరిస్థితులలో మార్పు లేనప్పుడే ఈ సూత్రము వర్తించుననియు అధ్యాపకుడు బోధించును. విద్యార్థి దానిని స్కేలు పెట్టి నోటుపుస్తకములో గీసికొనును. పిదప అర్థశాస్త్రమునకు మార్షల్ ఇచ్చిన నిర్వచనము, రాబిన్స్ ఇచ్చిన నిర్వచనము, క్షీణోపాంత ప్రయోజన సూత్రము, ఉదాసీనతా వక్రరేఖలు ఒకదాని వెంట నొకటి వచ్చి, పరీక్షల నాటికి గైడులోని ముఖ్యమైన ప్రశ్నలుగా స్థిరపడును. ఆ పరీక్ష గడచిన మరుసటి మాసమున ఆ గీత ఏల వాలుచున్నదో చెప్పుమన్నచో, మంచి మార్కులు తెచ్చుకొన్నవారు సైతము తడబడుదురు.

దీనికి విద్యార్థుల అశ్రద్ధయే కారణమని పెద్దలు తరచుగా చెప్పుమాటను నేను అంగీకరింపజాలను. పల్నాటి పల్లెనుండి గుంటూరు కళాశాలకు వచ్చిన మిరప రైతు బిడ్డ ధర యను విషయమున అజ్ఞాని కాడు. నిరుడు మంచి ధర పలికెనని ఊరూరంతయు మిరప వేయుటయు, పంట గుంటూరు మార్కెట్ యార్డుకు చేరునాటికి ధర పతనమగుటయు, కోతకూలి, కౌలు, ఎరువుల దుకాణపు అప్పు ఒక్కసారిగా మీదపడుటచే తండ్రి టిక్కీలను, అనగా మిరప బస్తాలను, శీతల గిడ్డంగిలో నిలువ చేసికొనజాలక వచ్చిన ధరకే తెగనమ్ముటయు అతడు కన్నులార చూచినవాడు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద మిరపకు క్వింటాలు 11,781 రూపాయలుగా ధర ప్రకటించినప్పుడు, అది పెట్టుబడికి చాలునా చాలదా యని ఆ ఇండ్లలో లెక్కలు వేసికొన్నారు.

అట్టి విద్యార్థి సంపూర్ణ పోటీ యను పాఠమున, కొనువారికిని అమ్మువారికిని మార్కెట్టును గూర్చి సంపూర్ణ పరిజ్ఞానము కలదనియు, ధరను శాసింపగల శక్తి ఏ ఒక్కనికిని లేదనియు వ్రాసికొనును. అప్పిచ్చిన కమీషన్ వ్యాపారికే సరకు తోలవలసిన రైతునకు ఆ పటములో చోటెక్కడ యని అతనికి తోచకపోదు. కాని సిలబస్ పూర్తికావలసియున్న తరగతిలో ఆ ప్రశ్న నోట వెలువడదు. అతడు ఇంటి లెక్కను ఇంటికిని, పుస్తకపు లెక్కను పరీక్షకును వేరుపరచుకొనుట నేర్చుకొనును. ప్రథమ సంవత్సర అర్థశాస్త్రము మన విద్యార్థికి కలిగించు ప్రధానానుభవము ఈ వేరుపాటే యని నా దృఢాభిప్రాయము.

శాస్త్రమున అట్టి ప్రశ్నలకు సమాధానములు లేకపోలేదు. ధర చూచి పంట వేయుటవలన కలుగు ఒడుదుడుకులకు 1934లో అర్థశాస్త్రవేత్త కాల్డార్ సాలెగూటి సిద్ధాంతమని పేరు పెట్టెను. ఒక పక్షమునకు తెలిసినది వేరొక పక్షమునకు తెలియని మార్కెట్టుల తీరును వివరించినందుకు అకర్లాఫ్, స్పెన్స్, స్టిగ్లిట్జ్‌లకు 2001లో నోబెల్ బహుమానము లభించినది. అయితే వీనిని పై తరగతులకు దాచియుంచుదుము. అర్థశాస్త్రమును ఒక పేపరుగా చదివి ఉద్యోగములకో ఇతర శాస్త్రములకో మరలిపోవు అధికసంఖ్యాకులు ఆ తరగతులకు చేరనే చేరరు. మనము ఇంతగా వల్లెవేయించు మార్షల్, 1890 నాటి తన గ్రంథమున పటములను పాదసూచికలలో నుంచి, ప్రధాన పాఠమును వ్యాపార జీవితపు ఉదాహరణలతో నింపెనన్న సంగతి ఇచ్చట స్మరింపదగినది.

ఈ అసంతృప్తి మనకే పరిమితము కాదు. 2011 నవంబరు 2న హార్వర్డు విశ్వవిద్యాలయమున గ్రెగరీ మాన్‌క్యూ బోధించుచుండిన అర్థశాస్త్ర ప్రారంభ తరగతినుండి దాదాపు 70 మంది విద్యార్థులు, బోధన ఏకపక్షముగా నున్నదని లేఖ వ్రాసి, వెలుపలికి నడచిరి. ప్రపంచ ఆర్థిక సంక్షోభమునకు పిదపటి ఆ కాలముననే శామ్యూల్ బౌల్స్, వెండీ కార్లిన్ ప్రభృతులు రూపొందించిన కోర్ అను పాఠ్యగ్రంథము ఆదాయ అసమానతలతో మొదలై, అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నది. 1968నుండి తెలుగున శాస్త్రగ్రంథములను వెలువరించుచున్న తెలుగు అకాడమీ వంటి సంస్థ కలిగిన మనము, గుంటూరు యార్డుతోనో మదనపల్లె టమాటా మార్కెట్టుతోనో మొదలగు గ్రంథమును ఏల కోరరాదు?

పటములను త్యజింపుమని నేననుట లేదు. ధర మార్పునకు డిమాండు ఎంత స్పందించునో తెలుపు వ్యాకోచత్వమునే చూడుడు. పంట పదింట ఒక వంతు పెరిగి, ధర పదింట మూడు వంతులు తగ్గినచో, 10,000 రూపాయల రాబడి 7,700 రూపాయలకు దిగును. బాగుగా పండిన యేడు ఇంటికి తక్కువ సొమ్ము ఏల వచ్చెనో, తండ్రి వివరింపలేకపోయినది ఈ చిన్న లెక్క వివరించును. ముందు ఈ లెక్క వేయించి, ఆ పిమ్మట గీత గీయించినచో, ఆ గీత విద్యార్థికి స్వంతమగును. ఆంధ్రప్రదేశమున 2021-22 నుండి డిగ్రీ బోధన ఆంగ్ల మాధ్యమమునకు మారినందున, తెలుగున చదివి వచ్చినవారికి ఈ క్రమము మరింత అవసరము.

అన్నిటికంటె ముందు మారవలసినది ప్రశ్నపత్రము. పాఠ్యప్రణాళికా సంఘములు ఒక్క ప్రశ్ననైనను, నీకు తెలిసిన మార్కెట్టులో ఒక సరకు ధర గత 3 సంవత్సరములలో ఎట్లు మారెనో, ఏల మారెనో వ్రాయుమని నిర్బంధముగా చేర్చవలెను. అట్టి సమాధానములను దిద్దుటకు గైడులోని వాక్యములతో సరిపోల్చుట చాలదు, తీరికయు స్థిరమైన ఉద్యోగమును గల అధ్యాపకులు కావలెను. కావున ఆ ప్రశ్నను చేర్చిన నాడే ఖాళీ పోస్టుల భర్తీని గూర్చియు ప్రభుత్వములు నిర్ణయము గైకొనవలసియుండును.