మరుగుననున్న గొట్టములు

జర్మనీ దేశపు పోర్షే సంస్థవారు 2002వ సంవత్సరమున కయెన్ అను మోటారు బండిని వెలువరించిరి. దాని తొలి ఎనిమిది సిలిండర్ల ఇంజనులో, చల్లార్చు ద్రవము ప్రవహించుటకు ప్లాస్టిక్ గొట్టములు అమర్చబడెను. అవి సిలిండర్ల రెండు వరుసల నడుమ, గాలిని లోనికి గొనిపోవు మేనిఫోల్డు క్రింద దాగియుండును. ఏండ్ల తరబడి కాగి కాగి ప్లాస్టిక్ పెళుసెక్కి పగులును. ద్రవము కారి, అచ్చటనే యున్న స్టార్టరు మోటారు తడిసి చెడును. చల్లదనము కొఱవడి ఇంజనుకే ముప్పు వాటిల్లును.

పిమ్మట అల్యూమినియపు గొట్టములు వచ్చినవి. ఇట్టి పాతబండి గలవారు పగులువఱకు వేచియుండక, గొట్టముల నన్నిటిని ఒక్కమారే మార్పింపవలయునని మా యభిప్రాయము. ఏలయన, ఒక్కదానిని మార్చుటకైనను మేనిఫోల్డును విప్పక తప్పదు. అదే వేడిలో అంతకాలమే పనిచేసిన తక్కినవి ఎన్నాళ్లు నిలుచును? రెండవమారు విప్పు కూలి వృథా గదా! “నడచుచున్న బండిని విప్పనేల?” యని కొంద ఱందురు. ఇంజను మితిమీఱి కాగి చెడినచో నగు వ్యయము గొట్టముల వెలను మించిపోవునని వారు తలపోయవలెను.

విద్యార్థులారా, ఇట్టి బండి మనలో ననేకులకు లేదు. ఈ పాఠము మాత్ర మందఱిది. తోలు ఆసనములను, మెఱుగు రంగును అందఱును చూతురు. గొట్టము నెవ్వరును చూడరు. మీరు రేపు యంత్రములు చేయువారైనచో, ఎవ్వరును చూడని చోటనే మేలైన లోహమును వాడుడు.