దిగుమతి పలకలు: జపాను, భారతదేశము

నేడు నగరములలో వెలయు గృహములందు నిండు మ్రానిని కోసి చేసిన తలుపులు, బీరువాలు అరుదయినవి. పలుచని చెక్కపొరలను జిగురుతో నతికించిన ప్లైవుడ్డును, కలప పీచును గాని పొట్టును గాని అదిమి చేసిన ఎమ్.డి.ఎఫ్., పార్టికిల్ బోర్డు పలకలును వాని స్థానము నాక్రమించినవి. వీని దిగుమతి లెక్కలు వర్తకులకు మాత్రమే సంబంధించిన విషయమని చదువరులు తలంపరాదు. ఏ దేశము ఎవరి యడవులను కొట్టించి తన యిండ్లు కట్టుకొనుచున్నదో ఆ లెక్కలే తెలుపును. జపాను, భారతదేశముల చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింతము.

జపాను భూభాగమున మూడింట రెండువంతులు అడవియే. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అచ్చట సుగి, హినోకి వృక్షములను విస్తారముగా నాటిరి. అవి యెదుగులోపల ఆ దేశము తొలుత ఫిలిప్పీను ద్వీపముల నుండియు, తరువాత సబా, కాలిమంటాను ప్రాంతముల నుండియు దుంగలను తెప్పించి తన కర్మాగారములలో ప్లైవుడ్డు చేసికొనెను. 1985లో ఇండొనీషియా దుంగల యెగుమతిని నిషేధించెను. అటుపిమ్మట తయారయిన పలకలే ఓడలెక్కి జపానుకు రాసాగినవి. సరుకు మారినది గాని, నరకబడిన యడవి యదియే. 2002 నాటికి జపాను వాడుకొను కలపలో స్వదేశపుది అయిదవ వంతైనను లేకుండెను. పిమ్మట ఆ దేశము మేల్కొని, సన్నని సుగి దుంగల నుండి సైతము పొర తీయు యంత్రములను నెలకొల్పెను. 2020 నాటికి స్వదేశపు కలప వంతు నూటికి 40 దాటెను.

మన త్రోవ వేరు. చిరకాలము మన ప్లైవుడ్డు మిల్లులు ఈశాన్య సీమల యడవులపై నాధారపడినవి. పరిశ్రమలు తమకు వలయు కలపను రైతుల సహకారమున పెంచుకొనవలెనని 1988 జాతీయ అటవీ విధానము చెప్పెను. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఇచ్చిన యుత్తరువుతో ఆ సీమల మిల్లులు పెక్కు మూతబడినవి. అప్పుడు పరిశ్రమను నిలిపినవాడు రైతు. హర్యానాలోని యమునానగరమున పొలములలో పెరిగిన పోప్లరు, జామాయిలు చెట్లును, కేరళలోని పెరుంబావూరున పాలుడిగిన రబ్బరు చెట్లును పలకలైనవి. మన శ్రీకాళహస్తి చెంతను ఎమ్.డి.ఎఫ్. కర్మాగారము వెలసినది. అయినను వియత్నాము, థాయిలాండు, నేపాలు దేశముల పలకలు మన విపణికి వచ్చుచునే యుండెను. 2025లో ప్రభుత్వము స్వదేశ విదేశ పలకలకు ఐ.ఎస్.ఐ. ముద్రను విధించెను.

ఈ విధింపును మేము హర్షింతుము. కాని ముద్ర నాసిరకమును ఆపగలదేకాని చెట్టును పెంచజాలదు. సుబాబులు, జామాయిలు నాటిన కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతు మూడు నాలుగేండ్లు వేచియుండవలెను. నరికిన కర్ర ఎండినకొలది తూకము తగ్గును. కావున కొనువాడు చెప్పిన ధరకే తెగనమ్మవలసివచ్చును. విదేశపు పలక చౌకయైనచో ఆ నష్టము మొదట రైతుపై బడును. దిగుమతి తగ్గినచో ఆ లాభము మిల్లు గుమ్మము దాటి వానిని చేరుట లేదు. స్వదేశపు కలపతో జపాను తన దిగుమతిని తగ్గించుకొనగలిగినది అర్ధశతాబ్దము క్రిందట నాటినవారి పుణ్యమున. మనకట్టి కలపనిచ్చు రైతు విసిగి తోటను పెరికివేసినచో మరల అన్యుల యడవులే మనకు గతి యగును. పరిశ్రమకు రక్షణ యొసగు ప్రభుత్వము, టన్ను కర్రకు కనీసపు ధరను నిర్ణయించి, తూకము ముగిసిన వెంటనే సొమ్ము ముట్టునట్లు శాసింపవలెనని మేము కోరుచున్నాము.