మెలకువగా ఉన్న రోగిని అడిగారా?

ఆపరేషన్ అనగానే మనలో చాలామందికి కళ్ళముందు మెదిలేది ఒకటే దృశ్యం: ముక్కు మీద మూత, రోగి గాఢనిద్ర, డాక్టర్ల చేతిలో కత్తి. కాని నేడు మన ఆస్పత్రుల్లో ఆపరేషన్ బల్లమీద పడుకునేవాళ్ళు ఎంతోమంది నిద్రపోవడం లేదు. నడుంలో ఒక సూది, లేదా మెడ దగ్గరో చంకలోనో ఒక సూది. శరీరంలో ఆ భాగం మాత్రమే మొద్దుబారుతుంది. మనిషి మెలకువగానే ఉంటాడు. అన్నీ వింటాడు. అడిగితే జవాబు చెప్తాడు.

అసలు చిక్కు అక్కడే ఉంది. అడిగేవాళ్ళేరీ?

ఇది డాక్టర్లకూ మెడికోలకూ సంబంధించిన గొడవ, మనకెందుకు అనుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21 కాన్పులు ఆపరేషన్ ద్వారా జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 60. ఇంత ఎక్కువ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. సిజేరియన్లలో ఎక్కువభాగం నడుంలో ఇచ్చే సూదితోనే చేస్తారు. అంటే మన అక్కలు, వదినలు, రేపు మన భార్యలు ఈ సూది ముందు కూర్చోవలసినవాళ్ళే. ఇక పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరు మనది. సింహాచలం కొండకింద అడివివరం నుంచి, గోపాలపట్నం నుంచి తెల్లారగట్ల టిఫిన్ క్యారియర్ పట్టుకుని షిఫ్టుకు వెళ్ళే ఇళ్ళు మనవి. యంత్రంలో చెయ్యి నలిగిన మనిషికి మెడ పక్కన, కాలర్ ఎముక మీదుగా ఇచ్చే సూదితో చెయ్యంతా మొద్దుబార్చి ఆపరేషన్ చేయడం ఎన్నో ఏళ్ళుగా ఉన్న పద్ధతి.

ఈ సూది చేసే పని చాలా సుళువుగా చెప్పొచ్చు. మెడలోని వెన్నుపాము నుంచి బయల్దేరిన నరాలు భుజం దగ్గర జడలా అల్లుకుని చేతిలోకి దిగుతాయి. లిగ్నొకైన్, బుపివకైన్ వంటి మందును ఆ జడ చుట్టూ పోస్తే, నరం పొరలో సోడియం లోపలికి వచ్చే సన్నని దారులు కొంతసేపు మూసుకుపోతాయి. నొప్పి అనే కబురు మెదడుకు చేరదు. అయితే ఆ చోటుకు కూతవేటు దూరంలో ఊపిరితిత్తి కొన ఉంది, పక్కనే పెద్ద రక్తనాళం ఉంది. మందు రక్తంలోకి ఎక్కువగా పోతే ఫిట్స్ రావచ్చు, గుండెకే ముప్పు రావచ్చు. 1994లో వియన్నా వైద్యులు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఈ సూది వేసే పద్ధతిని ప్రకటించాక, గుడ్డిగా వెతికే బాధ చాలా తగ్గింది.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి మన దగ్గర దీనిమీద జరిగే పరిశోధన సంగతేమిటి?

పి.జి. చేసే ప్రతి మెడికో థీసిస్ రాయాల్సిందే. మత్తు విభాగంలో ఈ నరాల సూదుల మీద వచ్చే థీసిస్‌లు తరచుగా ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఫలానా మందుకు ఫలానా మందు కలిపితే మొద్దుబారడం ఎన్ని నిమిషాల్లో మొదలైంది, ఎన్ని గంటలు నిలిచింది? ఒక ఏడాది క్లోనిడిన్, ఒక ఏడాది డెక్స్‌మెడెటోమిడిన్, ఇంకో ఏడాది డెక్సామెథసోన్. రోగుల్ని రెండు జట్లు చేస్తారు, నిమిషాలు లెక్కపెడతారు, బైండింగ్ చేయించి లైబ్రరీలో పెడతారు. నిమిషాలు అక్కర్లేదని నేననను. కాని ఆ నిమిషాలు ఎవరివి? రోగివే కదా! అతని భయం, ఇంటికెళ్ళాక అతని పాట్లు ఆ పట్టికలో ఏ గడిలో ఉన్నాయి?

"నడుంకి సూదెయ్యకండి బాబూ, రేపు మూటెత్తలేను" — ఉత్తరాంధ్రలో ఏ వార్డుకెళ్ళినా వినిపించే మాట ఇది. సిజేరియన్ అయిన ఆడవాళ్ళయితే పదేళ్ళ తర్వాతి నడుంనొప్పిని కూడా ఆ సూది ఖాతాలోనే వేస్తారు. వాళ్ళని అజ్ఞానులని కొట్టిపారేయడం తేలిక. కాని ఈ ప్రశ్నను బయటి దేశాల్లో శ్రద్ధగానే పరీక్షించారు. పురుటి నొప్పులు తెలియకుండా నడుంలో ఇచ్చే ఎపిడ్యూరల్ మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ 2018లో కాక్రేన్ సంస్థ గుదిగుచ్చి చూసింది. సూది తీసుకున్నవాళ్ళకీ తీసుకోనివాళ్ళకీ దీర్ఘకాలపు నడుంనొప్పిలో తేడా కనిపించలేదు. గుచ్చినచోట కొన్నాళ్ళు సలుపు ఉండొచ్చు, అంతే. మరి ఆ సంగతి మన అమ్మలకు వాళ్ళ భాషలో చెప్పిందెవరు? నెలల తరబడి చంటిబిడ్డను ఎత్తుకుని, వంగి ఇంటిచాకిరీ చేసే మన ఆడవాళ్ళ నడుంనొప్పికి అసలు కారణమేమిటని వెతికిందెవరు? ఇంతకన్నా మన థీసిస్‌లకు తగిన ప్రశ్న ఉంటుందా?

రోగి బాధను రాసుకోవడం ఈ శాస్త్రానికి కొత్తేం కాదు, పుట్టుకతోనే వచ్చింది. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ వెన్నులో సూది వేసి ఆపరేషన్లు మొదలుపెట్టాడు. తర్వాత తానూ, సహాయకుడు హిల్డెబ్రాంటూ ఒకరిమీద ఒకరు ప్రయోగానికి దిగారు. పిరంజికి సూది సరిగ్గా అతక్క బీర్ వెన్నునీరు కారిపోయింది, చాలా రోజులు తలనొప్పితో మంచం పట్టాడు. హిల్డెబ్రాంట్ కాళ్ళు మాత్రం మొద్దుబారాయి, సుత్తితో కొట్టినా తెలియలేదు. బీర్ తన జయంతోపాటు తన తలనొప్పినీ ప్రపంచానికి చెప్పాడు. ఆ తలనొప్పి ఎందుకు వచ్చిందని ఆలోచించబట్టే తర్వాతివాళ్ళు సూదిని సన్నబరిచారు, మొన తీరు మార్చారు. దాచుకుని ఉంటే?

మన తెలుగునేల మీద జరిగిన కథ ఇంకోటుంది. 1888లో, 1889లో హైదరాబాదులో క్లోరోఫారం కమిషన్లు రెండు కూర్చున్నాయి. ఆరో నిజాం డబ్బిచ్చాడు, లండన్ నుంచి ప్రసిద్ధ వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు, వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు. క్లోరోఫారం ముందు ఊపిరినే ఆపుతుందని, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే గుండెకు భయం లేదని తేల్చారు. నడిపించిన ఎడ్వర్డ్ లారీ దొరగారు మొదటినుంచీ నమ్మిన మాట కూడా అదే! 1911లో గుడ్‌మన్ లెవీ అది తప్పని చూపించాడు. క్లోరోఫారం గుండె లయను చెడగొట్టి అకస్మాత్తుగా చంపగలదు. సొమ్ముకు లోటు లేదు, లెక్కలకు లోటు లేదు. జవాబు ముందే జేబులో పెట్టుకుని ప్రశ్న అడగడమే అక్కడి లోపం.

అలా కాక, తాము ఆశించినదానికి విరుద్ధంగా వచ్చినా ఒప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. తుంటి విరిగిన ముసలివాళ్ళకు పూర్తి మత్తుకన్నా నడుంసూదే క్షేమమని చాలామంది నమ్మేవారు. అమెరికా, కెనడాల్లో 1,600 మందిని పరీక్షించి 2021లో ఫలితం చెప్పారు: 60 రోజుల తర్వాత చూస్తే మరణాల్లోగాని, నడకలోగాని చెప్పుకోదగ్గ తేడా లేదు. మన దేశంలోనే టాటా మెమోరియల్ వాళ్ళు ఇంకా అమాయకమైన ప్రశ్న వేశారు. రొమ్ము క్యాన్సర్ గడ్డ తీసేముందు దాని చుట్టూ చౌకైన లిగ్నొకైన్ ఎక్కిస్తే ఏమవుతుంది? దాదాపు 1,600 మంది స్త్రీల మీద చేసి 2023లో ప్రకటించారు. ఐదేళ్ళకు బతికున్నవారు మందు ఎక్కించిన జట్టులో నూటికి 90, ఎక్కించని జట్టులో 86. ఆ సంస్థ శాఖ మన అగనంపూడిలోనే ఉంది. గొప్ప ప్రశ్నకు గొప్ప ఖర్చు అక్కర్లేదని తెలుసుకోవడానికి ఇంతకన్నా దృష్టాంతం కావాలా?

అటువంటి ప్రశ్న మన గుమ్మం ముందే ఒకటుంది. పాడేరు పైన ఏదో గూడెంలో అవ్వ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే, ఘాట్‌రోడ్డు మలుపుల్లో వంద కిలోమీటర్లకు పైగా కుదుపుల మీద విశాఖ పెద్దాస్పత్రికి రావాలి. తుంటి విరిగినవాళ్ళకు గజ్జ దగ్గర నరానికి సూది వేస్తే, అరగంటలో కదిలినా నొప్పి బాగా తగ్గుతుందని 2020 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. ఆ సూది బండి ఎక్కించకముందే అక్కడే వేయగలమా? ఎవరికి నేర్పాలి? నేర్పాక ఎంత క్షేమం? దీనికి జవాబు వియన్నాలో దొరకదు, ఈ ఘాట్‌రోడ్డు మీదే దొరకాలి.

"మూడేళ్ళ కోర్సు, నైట్ డ్యూటీలు, ఇంక రోగి ఇంటికెళ్ళాక ఎలా ఉన్నాడో కనుక్కోవడం మావల్ల ఎక్కడవుతుంది?" అని మెడికో మిత్రులు అడుగుతారు. న్యాయమైన మాటే. మందుల మోతాదు, నిమిషాల లెక్క రోగి క్షేమానికి అవసరమే అన్నదీ న్యాయమే. అందుకే ఈ భారం వాళ్ళమీద వదిలేయకూడదని నా అభిప్రాయం. మన విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది, స్టాటిస్టిక్స్ శాఖ ఉంది. ఆంధ్ర మెడికల్ కాలేజీ ఇక్కడికి దూరమా? 1923లో పుట్టిన ఆ కాలేజీకీ, 1926లో పుట్టిన మన విశ్వవిద్యాలయానికీ ఊరొకటే, ఇరుగుపొరుగు బంధుత్వమే. సమ్మతి పత్రాన్ని శ్రీకాకుళం రైతుకు అర్థమయ్యే తెలుగులో మన తెలుగు ఎం.ఏ.లు తిరగరాయొచ్చు. ఎంతమంది రోగులు కావాలో, లెక్క ఎలా కట్టాలో స్టాటిస్టిక్స్ వాళ్ళు సాయపడొచ్చు. మూడు నెలల తర్వాత, రోగి ముందే సరేనంటే, ఫోన్ చేసి "అమ్మా, నడుం ఎలా ఉంది? పనికెళ్తున్నారా?" అని అడగడానికి డిగ్రీ కుర్రాళ్ళు చాలు.

చివరగా ఫలితాల సంగతి. మన దేశంలో 2007 నుంచి వైద్యప్రయోగాల రిజిస్టరు ఉంది. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే అందులో నమోదు కావాలి. మంచి నియమమే. కాని జనానికి అర్థమయ్యేలా ఫలితం చెప్పే నియమం ఏదీ? సింహాద్రి అప్పన్న ఏడాది పొడుగునా చందనంలో ఉన్నా, అక్షయ తదియనాడైనా నిజరూపం చూపిస్తాడు. బైండింగ్‌లో మూతబడ్డ మన థీసిస్‌లకు ఆ ఒక్కరోజు కూడా లేకపోయె! ప్రతి థీసిస్‌కూ తెలుగులో ఒక్క పేజీ రాసి వార్డు గోడకు అంటిస్తే చాలు. ఏం అడిగాం, ఏం తేలింది, ఎవరికి ఏ ఇబ్బంది కలిగింది అన్న మూడు ముక్కలు అందులో ఉండాలి. ఆ పేజీ రాసే పనికి వచ్చే ఏడాది మన యూనియన్ పూనుకోవాలని నా కోరిక. ముందుగా చేయి కలిపే మెడికో మిత్రులెవరో చెప్పండి.