అయిందా? అయిందా? అని అడిగే పేజీలు

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రోగ్రామింగ్ గురించి రాస్తే చాలామంది తమ్ముళ్ళు పేజీ తిప్పేస్తారని మాకు తెలుసు. అయినా ఒక్క నిమిషం ఆగండి. ఇది మన రిజల్ట్స్ సంగతి, స్కాలర్‌షిప్ సంగతి కూడా.

ఎం.సి.ఎ.లో వెబ్ పేజీలు రాయడం మొదలుపెట్టాక మాకు తరచూ ఎదురైన పని ఒకటుంది. ఏదో ఒకటి జరిగేదాకా ఆగాలి. సర్వర్ నుంచి మార్కులు రావాలి, లేదా ఫీజు అందిందని బ్యాంకు చెప్పాలి. అది జరిగిందా లేదా అని మళ్ళీ మళ్ళీ చూడడాన్ని పోలింగ్ అంటారు. (ఓట్ల పోలింగ్ కాదు!) మెస్‌లో వంటక్క దగ్గరికి ఐదు నిమిషాలకోసారి వెళ్ళి "అక్కా, అన్నం అయిందా?" అని అడగడం లాంటిది. అన్నం గంట కొట్టాక వెళ్ళడం రెండో పద్ధతి.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు ముందు వైల్ లూప్ పెడతారు. మార్కులు వచ్చేదాకా తిరుగుతూ ఉండమని దాని అర్థం. జావాస్క్రిప్ట్‌లో ఇది కుదరదు. పేజీలో పనులన్నీ ఒకే వరుసలో, ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. లూప్ తిరుగుతున్నంతసేపూ, వచ్చిన మార్కులను అందుకునే కోడ్‌కు వంతే రాదు. వంటక్కను గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతూ ఉంటే అన్నం ఎవరు వండుతారు?

అందుకని సెట్ఇంటర్వల్ వాడి సెకనుకోసారి అడుగుతారు. జవాబు రావడానికి మూడు సెకన్లు పడితే, ఈలోగా ఇంకో రెండు ప్రశ్నలు బయల్దేరతాయి. అసలే నీరసంగా ఉన్న సర్వర్ మీద మరింత బరువు. జవాబు అందాక సెట్‌టైమౌట్‌తో కాసేపు ఆగి, అప్పుడు మళ్ళీ అడగడమే సరైనదని మా అభిప్రాయం. రిజల్ట్స్ రోజున లక్ష మంది పేజీ తెరిచి కూర్చున్నారనుకోండి. సెకనుకోసారి అడిగితే సర్వర్‌కు సెకనుకు 1,00,000 ప్రశ్నలు. 30 సెకన్లకోసారైతే సుమారు 3,333. అందరూ ఒకే క్షణాన అడగకుండా ఒక్కొక్కరికి కాస్త తేడా కూడా పెట్టాలి. ఇదేం కొత్త ఆలోచన కాదు. 1971లో మొదలైన హవాయి విశ్వవిద్యాలయం వారి అలోహా నెట్‌వర్క్‌లో రేడియో సందేశాలు ఢీకొంటే, ఎవరికి వారు లెక్క లేకుండా కొంతసేపు ఆగి మళ్ళీ పంపేవారు.

ఇక వెబ్‌సాకెట్. 2011లో ప్రమాణంగా వచ్చింది. కనెక్షన్ తెరిచి ఉంచితే సర్వరే కబురు చెబుతుంది, గంట కొట్టినట్టు. ఇది ఉండగా పోలింగ్ పాత చింతకాయ పచ్చడి అని కొందరు వెక్కిరిస్తారు. మేము ఒప్పుకోం. పది రోజులకోసారి మారే స్టేటస్ కోసం రోజంతా కనెక్షన్ పట్టుకుని కూర్చోవడమెందుకు? పేజీ తెరిచినప్పుడు ఒక్కసారి అడిగితే చాలదా?

మాకు అసలు కోపం వేరే చోట ఉంది. చాలా పేజీలు 'మంజూరైంది' అన్న ఒక్క మాట కోసమే చూస్తాయి. 'తిరస్కరించారు' అన్న జవాబు వస్తే ఏం చేయాలో రాయరు. మా రూమ్‌మేట్ ఒకడికి అలాగే జరిగింది. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు తేడా వచ్చి దరఖాస్తు వెనక్కి వచ్చింది. పేజీలో మాత్రం చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంది. సర్వర్ బిజీ అనుకుని వాడు నెట్ సెంటర్‌కు తిరుగుతూ ఉండగానే సవరణ గడువు దాటిపోయింది. ఆ ఏడాది ఫీజు కోసం వాళ్ళ నాన్న అప్పు చేశాడు. మా ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. చక్రం ఎందుకు తిరుగుతోందో అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు?

ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు, అక్కలకు మా విన్నపం ఇదే. మీ చేతి కింద ఇలాంటి కోడ్ వస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఎంతసేపటికోసారి అడుగుతోంది? ఎన్నిసార్లకు ఆపుతుంది? ఆపాక మనిషికి తెలుగులో ఏం చెబుతుంది? మూడోది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రెండు రోజులైనా చక్రం తిరుగుతూనే ఉంటే రిఫ్రెష్ కొడుతూ కూర్చోకండి. దరఖాస్తు నంబరు కాగితం మీద రాసుకుని నేరుగా ఆఫీసుకు వెళ్ళండి. పోలింగ్ కోడ్ రాసి చూడాలనుకునేవాళ్ళు ఆదివారం టిఫిన్ అయ్యాక కంప్యూటర్ గదికి రండి, అక్కడే ఉంటాం.