వేగానికి నాలుగు పాదాలు

వేగం పట్ల మోజు యౌవనానికి సహజం. దానిని నిందించడానికి ఈ వ్యాసం వ్రాయడం లేదు. మన తాతల కాలంలో రైతు ఎద్దును కొనేటప్పుడు కొమ్ము చూసేవాడు, మూపురం చూసేవాడు, నడక చూసేవాడు. చివరకు వంగి గిట్ట చూసేవాడు. గిట్ట బాగులేని ఎద్దు ఎంత అందంగా ఉన్నా బేరం కుదిరేది కాదు. నాడాలు అరిగిన ఎద్దును కంకర రోడ్డు ఎక్కించడానికి అతనికి మనసొప్పేది కాదు. నేడు మన పొన్నూరు వీధులలో లక్షల రూపాయల ఖరీదు గల చురుకైన కార్లు తిరుగుతున్నవి. వాటిని కొనే యువకులు రంగు చూస్తున్నారు, ఇంజను శక్తి చూస్తున్నారు, పాటల పెట్టె చూస్తున్నారు. వంగి గిట్ట చూసేవారు మాత్రం అరుదు.

కారుకు గిట్ట టైరే. కారు ఎంత పెద్దదైనా నేలను తాకే భాగం ఒక్కొక్క టైరు క్రింద ఇంచుమించు మన అరచేయంత మాత్రమే. ఇంజను పుట్టించే శక్తి, బ్రేకు చేసే పని, స్టీరింగు ఇచ్చే ఆజ్ఞ — ఇవన్నీ ఆ నాలుగు అరచేతుల గుండానే రోడ్డుకు చేరవలెను. అక్కడ పట్టు లేనప్పుడు మిగిలిన ఘనత అంతా వ్యర్థం. కనుక వేగంగా పోగల కారుకు టైరును ఎన్నుకోవడం అలంకారానికి సంబంధించిన విషయం కాదనీ, అది మన రోడ్డును, మన వానను, మన ఎండను చూసి చేయవలసిన నిర్ణయమనీ నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వలన మాత్రమే కలుగలేదు. మా పినతల్లి కుమారుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఒక చిన్న చురుకైన కారు కొన్నాడు. కంపెనీ ఇచ్చిన చక్రాలు చిన్నవిగా కనబడుతున్నవని వాటిని తీసివేసి, పెద్ద అల్లాయ్ చక్రాలు, వాటికి వెడల్పైన పలుచని టైర్లు వేయించాడు. ఖర్చు తగ్గుతుందని ఆ టైర్లు వాడినవి కొన్నాడు. ఒక మార్గశిర మాసపు సాయంకాలం చిరుజల్లులో గుంటూరు నుండి ఇంటికి వస్తుండగా, చేబ్రోలు దాటిన తరువాత ఒక మలుపులో కారు అతని మాట వినలేదు. బ్రేకు పనిచేసింది, చక్రాలు ఆగినవి, కారు మాత్రం ఆగలేదు. అది జారి పోయి పొలంలో పడ్డది. ప్రాణాలు దక్కినవి. ప్రక్కన కూర్చున్న మా చెల్లెలి చేయి విరిగి, ఆ సంవత్సరం ఆమె పరీక్షలు పోయినవి.

ఆ టైర్లను మా వీధి చివర పంక్చరు దుకాణం నడిపే పెద్దాయన చూశాడు. మేమంతా ఆయనను చాచా అని పిలుస్తాము. ఆయన వ్రేలితో గాడులు తడిమి, "బేటా, బండిని ఉరికించేది ఇంజను, ఆపేది టైరు. మీరు ఉరికించేదానికి డబ్బు పెట్టి, ఆపేదానికి బేరమాడారు," అన్నాడు. ఆ రబ్బరులోని గాడులు కర్మాగారంలో పుట్టినవి కావట. అరిగిన టైరుకు కత్తితో మళ్లీ కోసి కొత్తదిగా కనబడేటట్లు చేసినవట. నలభై ఏళ్లుగా టైర్లు విప్పుతున్న ఆ చేతికి తెలిసిన విషయం ఇంజనీరింగు చదివిన మా అన్నకు తెలియలేదు.

అసలు మన రోడ్డు ఎటువంటిది? గుంటూరు నుండి నారాకోడూరు, చేబ్రోలు మీదుగా పొన్నూరుకు సుమారు 30 కిలోమీటర్లు. ఇక్కడ నుండి అప్పికట్ల మీదుగా బాపట్లకు పోతాము. చాలా మేర ఇది రేగడి నేల. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. దాని మీద పరచిన తారు రోడ్డు కూడా నేలతో పాటు ఎగుడుదిగుడు అవుతుంది, అంచులు విరుగుతవి, గుంటలు పడతవి. వరి కోతల కాలంలో పొలం నుండి రోడ్డెక్కే ట్రాక్టరు తన చక్రాలతో బంకమట్టిని తెచ్చి తారు మీద పరుస్తుంది. దాని మీద నాలుగు చినుకులు పడితే అది వెన్న పూసిన పలకతో సమానం. తుపానులు వచ్చేదీ ఆ కాలంలోనే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మన ప్రక్కనున్న బాపట్ల వద్దనే తీరం దాటింది. ఇక వేసవిలో ఇదే తారు కాలు మోపనీయదు. ఇటువంటి రోడ్డుకు, జర్మనీ దేశపు నున్నని రాజమార్గానికి ఒకే టైరు సరిపోతుందనుకోవడం పొరపాటు.

టైరు ప్రక్కన వ్రాసిన అక్షరాలు చదవడం అక్షరాస్యులందరూ నేర్చుకోదగిన విద్య. ఉదాహరణకు 195/55 ఆర్ 16, 87 వి అని ఉన్నదనుకొందాము. 195 అనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అనగా ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు నూటికి 55 వంతులు, అనగా సుమారు 107 మిల్లీమీటర్లు. ఆర్ అనగా రేడియల్ నిర్మాణం. 16 అనగా రిమ్ము వ్యాసం అంగుళాలలో. 87 అనేది బరువు సంకేతం. ఒక్కొక్క టైరు 545 కిలోల వరకు మోయగలదని దాని అర్థం. వి అనే అక్షరం గంటకు 240 కిలోమీటర్ల వేగం వరకు ఆ టైరు తట్టుకొనగలదని చెబుతుంది. హెచ్ అయితే 210, టి అయితే 190.

ఇప్పుడు మన యువకుడు దీనిని తీసి 205/45 ఆర్ 17 వేయిస్తాడు. మొత్తం చక్రం ఎత్తు దాదాపు మారదు, కనుక కంటికి అంతా సవ్యంగానే కనబడుతుంది. కాని పక్కగోడ 107 నుండి 92 మిల్లీమీటర్లకు తగ్గిపోయింది. ఆ పోయిన 15 మిల్లీమీటర్లే గుంటలో దెబ్బను మ్రింగుకొనే మెత్త. అది తగ్గితే మలుపులో కారు చురుకుగా తిరిగే మాట నిజమే. కాని గుంట అంచు తగిలినప్పుడు రిమ్ము వంగుతుంది, లోపలి త్రాళ్లు తెగి టైరు ప్రక్కన బుడిపె లేస్తుంది. బుడిపె లేచిన టైరు ఏ క్షణంలోనైనా పగులవచ్చును. అంతేకాదు, అదే కొలతలో 84 సంకేతం గల టైర్లు, 88 సంకేతం గల టైర్లు రెండూ ఉన్నవి. 84 అనగా 500 కిలోలే. తెలియక దానిని వేయించినవాడు నాలుగు చక్రాల మీద కలిపి 180 కిలోల శక్తిని పోగొట్టుకొంటున్నాడు. అది మన ఇంటిలో ముగ్గురు మనుషుల బరువు.

తడిరోడ్డు సంగతి ఇంకా ముఖ్యం. టైరు మీద గాడులు అందానికి చెక్కినవి కావు. ముందున్న నీటిని ప్రక్కలకు త్రోసివేయడం వాటి పని. వేగం పెరిగి, నీటిని త్రోయడానికి వ్యవధి చాలకపోతే టైరు నీటి మీద తేలిపోతుంది. అప్పుడు స్టీరింగు త్రిప్పినా ఫలం లేదు. 1960ల ప్రారంభంలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధకులు విమానాల చక్రాల మీద దీనిని పరిశీలించి, టైరులోని గాలి ఒత్తిడిని బట్టి ఆ ప్రమాదపు వేగాన్ని లెక్క కట్టే సూత్రం ఇచ్చారు. ఆ సూత్రం ప్రకారం 30 పి.ఎస్.ఐ. గాలి గల నున్నని టైరు, తగినంత నీరు నిలిచిన చోట, గంటకు సుమారు 90 కిలోమీటర్ల వద్ద తేలిపోతుంది. గాలి తగ్గితే ఆ వేగం ఇంకా తగ్గుతుంది. చట్ట ప్రకారం కారు టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల లోతు వరకు అరగవచ్చును. కాని వానకాలంలో 3 మిల్లీమీటర్లకు వచ్చినప్పుడే మార్చుకోవడం వివేకం.

భౌతికశాస్త్రం చదివే మన సోదరులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. గంటకు 80 కిలోమీటర్లు అనగా సెకనుకు సుమారు 22 మీటర్లు. ఘర్షణ గుణకం 0.8 ఉన్న పొడి రోడ్డు మీద బ్రేకు పట్టిన తరువాత కారు సుమారు 31 మీటర్లలో ఆగుతుంది. తడి వలననో, అరిగిన టైరు వలననో ఆ గుణకం 0.4కు పడిపోతే 63 మీటర్లు కావలెను. మనసు గ్రహించి కాలు కదలడానికి ఒక సెకను పడితే మరో 22 మీటర్లు దానికి కలుపవలెను. ఆ అదనపు మీటర్లలో ఎవరున్నారన్నదే ప్రశ్న. సైకిలు మీద ఇంటికి పోయే విద్యార్థి ఉండవచ్చును. మిరప కోతకు పోయి వచ్చే కూలీ తల్లి ఉండవచ్చును.

మరి పందెపు కార్ల మాటేమిటని కొందరు అడుగుతారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ప్రక్కన ఫార్ములా-ఇ పోటీ జరిగింది. అవి నగర వీధులలో పరుగెత్తిన విద్యుత్ కార్లు. వాటికి వేసినవి గాడులు గల టైర్లు. తడికీ పొడికీ ఒకే రకం. ఫార్ములా-1 పోటీలలో పొడిరోజున నున్నని టైర్లు వేస్తారు, వాన పడగానే వాటిని విప్పి గాడులున్నవి వేస్తారు. ఆ పని చేయడానికి అక్కడ ఒక బృందం సిద్ధంగా నిలబడి ఉంటుంది. చేబ్రోలు మలుపులో మనకు ఆ బృందం లేదు. కనుక పందెపు కార్ల నుండి మనం నేర్చుకోవలసిన పాఠం, ఎంత వేగగామి అయినా రోడ్డును చూసి టైరు వేస్తాడని మాత్రమే.

ఎన్నిక ఎట్లా చేయవలెను? మొదటిది, కారు కంపెనీ చెప్పిన కొలతను, బరువు సంకేతాన్ని, వేగపు అక్షరాన్ని దాటి క్రిందికి దిగరాదు. గంటకు 240 కిలోమీటర్ల వేగం మనకెందుకని అడుగవచ్చును. నిజమే, 2018లో కేంద్ర ప్రభుత్వం నాలుగు వరుసల రహదారి మీద కార్లకు నిర్ణయించిన గరిష్ఠ వేగం 100 మాత్రమే. కాని ఆ అక్షరం వేగాన్నే గాక, వేడిని తట్టుకొనే శక్తిని కూడా సూచిస్తుంది. మన వేసవికి ఆ శక్తి కావలసినదే. రెండవది, తడిపట్టు. రబ్బరులో సిలికా కలిపితే తడి నేల మీద పట్టు పెరుగుతుంది. మన దేశంలో కూడా 2022లో కారు టైర్లకు తడిపట్టు, దొర్లుడు నిరోధం, చప్పుడు విషయాలలో ప్రమాణాలు పాటించవలెనని నిబంధన వచ్చింది. మూడవది, గుంటలకు తాళగల పక్కగోడ. మన్నిక నాలుగవది. మెత్తని రబ్బరు గట్టిగా పట్టుకొంటుంది గాని త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు చాలాకాలం మన్నుతుంది గాని తడిలో జారుతుంది. ఈ రెండూ ఒకే టైరులో పూర్తిగా దొరకవు. అరుగుదలను కొన్నాళ్లు ముందుగా భరించి, పట్టును కొనుక్కోవడం మంచి బేరమని నా నమ్మకం.

తయారైన తేదీని కూడా చూడవలెను. టైరు ప్రక్కన నాలుగంకెలుంటవి. 3523 అంటే 2023వ సంవత్సరం 35వ వారం. రబ్బరు కూడా వయసు మీద పడితే గట్టిపడి, బీటలు వారుతుంది. రెండు కొత్త టైర్లే కొనగలిగితే వాటిని వెనుక వేయించవలెను. ముందు చక్రం జారితే డ్రైవరుకు కొంత తెలుస్తుంది. వెనుక చక్రం జారితే తెలిసేసరికి కారు తిరిగిపోతుంది. గాలిని బండి నడపకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిపించుకోవలెను. గాలి తక్కువైన టైరు నలిగి నలిగి వేడెక్కి పగులుతుంది. ఈ పనికి పట్టేది ఐదు నిమిషాలు.

"నీకు కారే లేదు, నీకెందుకీ గొడవ?" అని మిత్రులు నవ్వవచ్చును. నిజమే, నాకున్నది సైకిలు. అందుకే ఈ గొడవ నాకు మరీ ముఖ్యం. కారువాడు టైరు విషయంలో చేసిన పొదుపుకు మూల్యం చెల్లించేవాడు తరచుగా కారులో ఉండడు.

విజ్ఞులైన కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రతి సంవత్సరం వానలు మొదలయ్యే ముందు ఒక రోజున, కళాశాలకు వచ్చే వాహనాలన్నింటి టైర్ల లోతును, గాలిని పరీక్షించే ఏర్పాటు చేయవలెను. కావలసినవి ఒక గాలి గేజి, ఒక లోతు కొలబద్ద. ఆ దినం ఉపన్యాసానికి పట్నం నుండి పెద్దలను పిలువనవసరం లేదు. మా వీధి చాచాను పిలిపించి కుర్చీ వేసి కూర్చోబెట్టవలెను. పంక్చరు దుకాణమంటే మన పిల్లలలో కొందరికి చిన్నచూపు ఉన్నది. తండ్రి చేసే ఆ పని పేరు చెప్పడానికి సిగ్గుపడే సోదరులను నేను ఎరుగుదును. ఈ ఊరిలో ఎందరి ప్రాణాలు ఆ నల్లబడిన చేతుల జాగ్రత్త మీద నిలిచి ఉన్నవో తెలిస్తే ఆ సిగ్గు పోతుంది.

మా చెల్లెలి చేయి అతుక్కున్నది. ఆమె మరుసటి సంవత్సరం పరీక్ష వ్రాసి ఉత్తీర్ణురాలైంది. మా అన్న కారుకు మళ్లీ పదహారు అంగుళాల చక్రాలే వచ్చినవి. ఇప్పుడు అతడు ప్రయాణానికి ముందు ఒకసారి వంగి చూస్తాడు, మా తాత ఎద్దు గిట్టను చూసినట్లు.