మామయ్యా, నాకెప్పుడు థెరపీ?

మా అక్క కూతురికి ఏడేళ్లు. పోయిన వేసవిలో ఓ రోజు ల్యాప్‌టాప్ ముందున్న నా పక్కన చేరి, "మామయ్యా, నాకెప్పుడు థెరపీ?" అని అడిగింది. "నీకెందుకే?" అని నవ్వాను. "థెరపీ ఉంటే అమ్మ తమ్ముడొక్కడితోనే ఉంటుందిగా. నాతో కూడా ఉండాలి" అంది. ఆ తర్వాత మీటింగులో ఎవరేం మాట్లాడారో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

ఆ తమ్ముడే మా బుజ్జిగాడు. ఇప్పుడు నాలుగున్నరేళ్లు. రెండేళ్లు నిండినా "అమ్మా" అనలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. ఏదైనా కావాలంటే వేలుతో చూపించకుండా మా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవాడు. "మగపిల్లలకి మాటలు ఆలస్యమే", "వీళ్ల నాన్నకీ మూడేళ్లకే వచ్చాయి" అని పెద్దవాళ్లన్నారు. నేనైతే ఫోన్లో పాటలు పెట్టి వాడి చేతికిచ్చాను. అందరికీ లోపల భయమే. దాన్నే ధైర్యం అనుకున్నాం. అలా ఎనిమిది నెలలు పోయాయి.

చివరికి పిల్లల డాక్టరు దగ్గరికెళ్తే మొదట రాసింది వినికిడి పరీక్ష. వినపడకపోతే మాటలెలా వస్తాయి? ఇంత చిన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. చెవులు బాగానే ఉన్నాయి, ఎదుగుదలలో ఆలస్యం ఉందని తేల్చారు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ మొదలయ్యాయి.

అందుకే చెప్తున్నా. ఏడాదిన్నరకి నడక రాకపోయినా, వేలు పెట్టి చూపించకపోయినా, రెండేళ్లకి రెండు మాటలు కలిపి "పాలు ఇయ్యి" లాంటివి అనకపోయినా, వచ్చిన మాటలు మళ్లీ పోయినా ఆగకండి. చూపించాక ఏమీ లేదని తేలితే మనకు పోయేది ఒక పూట. గర్భిణిగా ఉన్నప్పుడు ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులోనే ఏ వయసుకి పిల్లలు ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. మనం టీకాల పేజీ చూసి మూసేస్తాం.

ఖర్చు సంగతి కూడా తెలుసుకోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. ఎదుగుదల ఆలస్యం కూడా అందులో ఉంది. దాని కిందే జిల్లాల్లో డీఈఐసీ కేంద్రాలు పెట్టారు. డాక్టరు, ఫిజియో, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఒక్కచోటే దొరకాలన్నది ఉద్దేశం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, మేధో వైకల్యం ఉన్న పిల్లలతో పాటు వాళ్ల కుటుంబాలకూ దారి చూపిస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ వాళ్ల 'నిరామయ' బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు. థెరపీ ఖర్చు కూడా కొంత అందులో వస్తుంది.

ఇక లెక్క నా అలవాటు కాబట్టి ఒక లెక్క. బుజ్జికి థెరపీ వారానికి రెండుసార్లు, ముప్పావు గంట చొప్పున. అంటే గంటన్నర. వారానికి 168 గంటలు. మిగతా 166న్నర గంటలూ వాడు ఇంట్లోవాళ్ల చేతుల్లోనే ఉంటాడు. అందుకే థెరపిస్టు మాక్కూడా పాఠాలు చెప్పింది. "అరటిపండా? బిస్కెట్టా?" అని రెండూ చూపించి, మనసులో పది లెక్కపెట్టుకుని ఆగాలి. వాడడగకముందే చేతిలో పెట్టెయ్యకూడదు. వేళ్ల పట్టు కోసం ఏం బొమ్మలు కొనాలా అని నేను వెతుకుతుంటే మా అమ్మ అటక మీంచి వామనగుంటల పీట దించింది. చింతగింజలు ఒక్కొక్కటే తీసి గుంటలో వెయ్యాలి. నోట్లో పెట్టుకుంటాడేమోనని అమ్మ పక్కనే కూర్చుంటుంది. థెరపిస్టు చూసి "ఇదే కావాలమ్మా" అంది.

ఇంత చేసినా ఒక మనిషిని మేం చూడలేదు. అక్క ఉద్యోగం మానేసింది. "నువ్వు ఆఫీసులో ఉండిపోయావు, అందుకే ఇలా" అన్న చుట్టాలున్నారు. అది నిజం కాదని డాక్టరు చెప్పినా ఆ మాట తన మనసులోంచి పోలేదు. ఓ శనివారం నేను థెరపీ సెంటర్‌కి వెళ్తే, బయట ప్లాస్టిక్ కుర్చీలో గోడకి తల ఆనించి నిద్రపోతోంది. రెండేళ్లుగా అందరం "బుజ్జి ఎలా ఉన్నాడు?" అని అడిగినవాళ్లమే. "నువ్వెలా ఉన్నావే?" అని ఎవరం అడగలేదు. ఇంకోవైపు పాప తనక్కూడా ఏదో ఒకటి ఉంటే బాగుండని చూస్తోంది.

ఇప్పుడు శనివారం డ్యూటీ నాది. బుధవారం బావది, ఆఫీసులో అడిగి గంట ఆలస్యంగా వెళ్తాడు. శనివారం పొద్దున అక్కా పాపా ఇద్దరే బయటికెళ్లి దోసె తిని, పార్కులో తిరిగి వస్తారు. పాప దానికి "నా థెరపీ" అని పేరు పెట్టుకుంది. బుజ్జిగాడికి ఇరవై దాకా మాటలొచ్చాయి. బడి సంగతేంటో ఇంకా తెలీదు. కానీ అక్క ముఖం కాస్త తేటపడింది.

మీ చుట్టాల్లోనో, పక్కింట్లోనో ఇలాంటి బిడ్డ ఉంటే సలహాలు వద్దండీ, వాళ్ల దగ్గర ఇప్పటికే బోలెడున్నాయి. ఓ శనివారం వెళ్లి పిల్లాడితో చింతగింజలు ఆడండి. ఆ గంటసేపు వాళ్లమ్మని పడుకోనివ్వండి.