హంతకుడెవరో ఊరందరికీ తెలుసు

గెడ్డ గట్టు (వారం వారం)

బొబ్బిలి కథ చెప్పే బుర్రకథకుడెవడూ హంతకుడి పేరు దాచిపెట్టడు. 1757 జనవరి 24న కోట కూలిపోయేటప్పటికి బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు మా రాజాంలో ఉన్నాడు. కబురు తెలిసి వెళ్లేసరికి అక్కడ మిగిలింది బూడిదే. ఆ తర్వాత ఒక రాత్రి గుడారంలో దూరి, కోటమీదికి దండెత్తిన విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజును పొడిచి చంపాడు. చచ్చిందెవరో, చంపిందెవరో కథకుడు తంబురా శ్రుతి చేసుకోకముందే జనానికి తెలుసు. అయినా పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని తెల్లారిందాకా కదలరు. ‘హంతకుడెవరు?’ అనే ప్రశ్న లేకుండా ఇంత ఉత్కంఠ ఎలా పుట్టిందని మన థ్రిల్లర్ రచయితలు ఒక్కసారైనా ఆలోచించారా అని నా అనుమానం.

మేం చదివి పెరిగిన డిటెక్టివ్ నవల పట్నానిది. అద్దె పుస్తకాల బడ్డీలో అట్ట చిరిగిన కొమ్మూరి సాంబశివరావు నవల తెచ్చుకుని, లెక్కల పుస్తకం మధ్యన పెట్టి చదివాం. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మద్రాసు వీధుల్లో కారేసుకుని తిరిగేవారు. పట్నంలో పక్కవాటాలో ఎవరున్నారో పక్కవాళ్లకి తెలీదు కాబట్టి అక్కడ డిటెక్టివ్‌కి పనుంది. మా పల్లెలో కొత్త మనిషి బస్సు దిగితే ఎవరింటికొచ్చాడో, ఏ వరస అవుతాడో సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. అక్కడికి యుగంధర్‌ని తీసుకొస్తే ఆయన గురించే నాలుగు ఆరాలు తీసి, టీ ఇచ్చి, తిరుగు బస్సెక్కించేస్తారు.

ఈమధ్య సినిమాల్లో మన థ్రిల్లర్ పల్లెకొచ్చిందని సంబరపడ్డాం. 2021లో ‘మా ఊరి పొలిమేర’, 2023లో ‘విరూపాక్ష’, అదే ఏడాది ‘మంగళవారం’. నేనూ చూశాను. కానీ ఆ ఊళ్లలో పగలు ఉండదేమో అనిపించింది. గుడి ఉంది, పూనకం ఉంది, తుప్పల్లో కదలికుంది. పొద్దున్నే చేలోకెళ్లేవాడు, అప్పు పత్రం మీద వేలిముద్ర వేసేవాడు మాత్రం ఎక్కడా ఆనడు. చేతబడిని మావైపు చిల్లంగి అంటారు. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని చంపేసిన సంగతులు ఉత్తరాంధ్ర మన్యం నుంచి పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అలాంటిచోట తెరమీద మంత్రం నిజంగానే పనిచేసినట్టు చూపిస్తే నాకు భయం వెయ్యదు, కోపం వస్తుంది. మన పేరు పెట్టుకున్న ‘శ్రీకాకుళం షెర్లాక్ హోమ్స్’ కూడా 2024 డిసెంబరులో వచ్చి వెళ్లింది. అదొక సరదా.

భయం కావాలంటే దెయ్యమెందుకు? రాజాం చుట్టుపక్కల గోగు చేలు చాలు. ఇప్పుడు మొక్కజొన్న వచ్చి గోగు తగ్గింది గానీ, ఒకప్పుడు మా జూట్ మిల్లుల పేరు చెప్పుకుని ఎక్కడ చూసినా అదే. చేను మనిషిన్నర ఎత్తు లేస్తుంది. లోపల మనిషి నడుస్తుంటే పైన ఆకు కదలడమే తప్ప తల కనిపించదు. కోశాక కట్టలు కట్టి చెరువులో వేసి, పైన రాళ్లూ మట్టిగడ్డలూ పెట్టి ఊరబెడతారు. పదిహేను ఇరవై రోజులకి నీళ్లు నల్లగా మారి, చేపలు తేలి, ఊరి పొలిమేర దాకా కుళ్లు కంపు కొడుతుంది. కంపు కొట్టిందని ఎవరూ అనుమానించని చెరువు, కట్టల కింద ఏముందో ఎవరూ ఎత్తి చూడని ఇరవై రోజులు! ఇంతకంటే మంచి మొదటి అధ్యాయం ఏ రచయితకి దొరుకుతుంది?

(ఉపాయాలు పైకి చెప్పడం మంచిది కాదేమో. ఆస్ట్రేలియాలో ఆర్థర్ అప్‌ఫీల్డ్ అనే ఆయన, ఇసుకలో అడుగుజాడలు చదివే డిటెక్టివ్‌ని పెట్టి 1929 నుంచి అడవి పట్టు నవలలు రాశాడు. ఒక నవల కోసం శవం ఆనవాలు మిగలకుండా చేసే ఉపాయాన్ని తెలిసినవాళ్లతో చర్చించాడు. వాళ్లలో ఒకడు దాన్ని నిజంగానే వాడి, 1932లో ఉరికంబం ఎక్కాడు.)

సరే, శవం తేలింది. ఇక్కణ్ణుంచే మా అసలు థ్రిల్లర్. పూర్వం తలారి చూసి మునసబుకి చెప్తే, మునసబు స్టేషన్‌కి రిపోర్టు రాసేవాడు. ఏం రాయాలో, ఏం వదిలెయ్యాలో అతని చేతిలో ఉండేది. 1984లో మునసబులు, కరణాలు పోయారు గానీ ఆ కలం వేరేవాళ్ల చేతికెళ్లింది. పోలీసులు శవ పంచనామా రాస్తారు, పంచాయతీదార్లు సంతకాలు పెడతారు. గట్టుమీద నిలబడ్డ వందమందికీ పేరు తెలుసు. అడిగితే మాత్రం, “నానేటీ సూడ్లేదు బాబూ” అంటారు. వాళ్లు పిరికివాళ్లు కారు. రేపు ఆ పేరున్న బుగత చేలోనే ఊడ్పులకెళ్లాలి, వాయిదాకి వెళ్లిన రోజు కూలి ఎవడూ ఇవ్వడు. కోర్టులో సాక్షి అడ్డం తిరుగుతాడు. కేసు కొట్టేస్తారు. సాయంత్రం రామకోవెల అరుగుమీద హంతకుడూ సాక్షీ ఒకే చుట్ట నిప్పు పంచుకుంటారు. పేరు తెలిసినవాడి నోరు ఎందుకు పెగలదు? నవలంతా నడపడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు.

మావాళ్లు ఈ దారి ఎప్పుడో వేశారు, మనం దాన్ని థ్రిల్లర్ అనలేదంతే. మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారి ‘యజ్ఞం’ చదవండి. సుందరపాలెంలో ఒక పాత అప్పు, దానిమీద తగవు, పెద్దమనుషుల తీర్పు. చివర్లో సీతారాముడు కన్నకొడుకునే చంపుకుంటాడు. హంతకుడు కళ్లెదుటే ఉన్నాడు. అయినా నేరం ఎవరిదని అరవై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నాం. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో పోలీసూ ప్లీడరూ బోనెక్కినవాడికంటే ఎక్కువ భయపెడతారు. అలమండ పతంజలి ‘ఖాకీవనం’ పేరులోనే అడవి ఉంది. ఆయన భూమి బల్లపరుపుగా ఉందా గుండ్రంగా ఉందా అన్న తగువును సైతం కోర్టుదాకా నడిపించి నవ్వించాడు. ఈ ముగ్గురినీ చదివి, కొమ్మూరి దగ్గర బిగువు నేర్చుకున్నవాడు మాకింకా రాలేదు.

రాజాంలో, పాలకొండలో, చీపురుపల్లిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని క్రైమ్ కథ రాస్తున్న కుర్రాళ్లూ అమ్మాయిలూ, మీకో మాట. పాడుబడ్డ బంగళా వెతక్కండి. గోగు ఊరేసిన చెరువు ఎక్కడైనా మిగిలి ఉంటే, ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా ఒక పూట గట్టుమీద కూర్చోండి. మర్నాడు కోర్టుకెళ్లి, వాయిదాకొచ్చిన సాక్షి పక్క బెంచీ మీద కూర్చుని, అతని పేరు పిలిచినప్పుడు చేతులేం చేశాయో చూసి రాయండి.